ఊదు వాద్యముల లోపలి ఆకారము

పెండ్లిపందిట మ్రోగు సన్నాయిని, బ్యాండుమేళములోని క్లారినెట్టును ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి అవి యన్నదమ్ములవలె దోచును. రెండును నల్లని కొయ్యగొట్టములే. నోట నుంచుకొను కొనయందు రెండింటికిని రెల్లునాలుక కలదు. సన్నాయికి జంటనాలుక, క్లారినెట్టునకు ఒంటినాలుక. ప్రక్కను వ్రేళ్ల రంధ్రములును, క్రిందను గంటవలె విచ్చిన కొనయు రెండింటికిని సమానమే. అయినను ఒక పరీక్ష చేసి చూడుడు. ఏదేని యొక క్రింది స్వరమును పలికించి, దానిని షడ్జముగా నెంచుకొని, రంధ్రములపై వ్రేళ్లను కదల్పకయే వాద్యమును పై స్థాయికి లేపుడు. సన్నాయికి పెదవి బిగువును, ఊపిరిని హెచ్చించిన చాలును. క్లారినెట్టునకు ఎడమ బొటనవ్రేలి మీటను నొక్కవలెను. సన్నాయి తారస్థాయి షడ్జమును పలుకును. క్లారినెట్టు ఆ షడ్జమును పలుకనే పలుకదు. దానిని దాటిపోయి తారస్థాయి పంచమమున నిలుచును.

ఈ భేదమునకు కారణము కొయ్య కాదు, నాలుక కాదు, వాయించువాని నేర్పు కాదు. గొట్టము లోపలి ఆకారమే కారణము. దీనిని మన విద్యార్థులకు వివరింపవలెనని చాల దినములుగా అనుకొనుచున్నాము. వేణువు నేర్చుకొను బాలుడు శ్రుతి తప్పినపుడు మనము వాని చెవిని నిందింతుము; కొన్నిమార్లు తప్పు వాని చెవిలో గాక వాని వెదురులో నుండును. ఆ రెంటిని వేఱుపఱచి తెలిసికొనుటకు ఈ శాస్త్రము తోడ్పడును గనుక, తలిదండ్రులును దీనిని ఓపికతో చదువవలెనని కోరుచున్నాము.

మొదట నొక యపోహను తొలగింపవలెను. నాదము చేయునది గొట్టము కాదు, గొట్టములోని గాలి. వీణయందు తీగ కదలును. మృదంగమునందు చర్మము కదలును. ఊదు వాద్యమునందు గాలిస్తంభము ముందువెనుకలకు ఊగును. కొయ్యయు లోహమును ఆ గాలికి హద్దులు మాత్రమే. వెండివేణువు కంఠము వేఱనియు, కొయ్యవేణువు కంఠము వేఱనియు లోకులు చెప్పుదురు. జాన్ కోల్ట్‌మన్ అను అమెరికా దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు దీనిని తేల్పదలచి, పలుచని వెండితో నొకటి, దళసరి రాగితో నొకటి, కొయ్యతో నొకటి, లోపలి కొలతలు ఒక్కటిగా నుండునట్లు మూడు వేణువులను సిద్ధపఱచి, ఆ పరీక్షాఫలితమును 1971వ సంవత్సరమున ప్రకటించెను. కంటికి గనబడకుండ వాయించినపుడు ఏది వెండియో ఏది కొయ్యయో వినువారు గుర్తింపలేకపోయిరి. చేతికి బరువు తెలియకుండ ఏర్పాటు చేసినపుడు వాయించువారును గుర్తింపలేకపోయిరి. ఇంతమాత్రమున ఏ కొయ్యయైనను ఒక్కటే యని మా యర్థము కాదు. మెత్తని కొయ్య తడికి ఉబ్బును, లోపల నారలు లేచును; గట్టి కొయ్య తొలిచిన యాకారమును చిరకాలము నిలుపుకొనును. తంజావూరు సీమలోని నరసింగంపేట గ్రామమున నాదస్వరములు చేయు పనివారు పాతయిండ్లనుండి విప్పిన ముదురు దూలములను వెదకి తెచ్చుకొనుట ఇందుకే. ఆ గ్రామపు నాదస్వరమునకు 2022వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇక గాలి సంగతి. గొట్టములో ఊదగా పుట్టిన ఒత్తిడి అల ఒక కొననుండి మఱియొక కొనకు పరుగెత్తి, అచటినుండి వెనుకకు మఱలును. తెఱచిన కొనకు చేరినపుడును అది పూర్తిగా బయటికి పోక, చాలభాగము లోపలికే మఱలుట వింతగా దోచును గాని నిజము. తెఱచిన కొనకు ఆవల ఎల్లలు లేని గాలి యున్నది. అచట ఒత్తిడి పెరుగుటకు వీలులేదు, గాలి మాత్రము స్వేచ్ఛగా కదలును. మూసిన కొనయందు దీనికి విరుద్ధము: గాలి కదలజాలదు, ఒత్తిడి మిక్కిలిగా హెచ్చి తగ్గును. ఈ రెండు నియమములను జ్ఞప్తియం దుంచుకొనినచో తక్కినదంతయు లెక్కయే.

60 సెంటీమీటర్ల గొట్టము నొకదానిని తీసికొందము. 27 డిగ్రీల వెచ్చదనమున ధ్వని గాలిలో సెకనునకు సుమారు 347 మీటర్లు పోవును. రెండు కొనలును తెఱచియున్నచో అల ఒక్కమాఱు పోయివచ్చుటతో, అనగా 120 సెంటీమీటర్లతో, ఒక ఆవృత్తి పూర్తియగును. సెకనునకు సుమారు 289 కంపనములు. ఒక కొన మూసియున్నచో అల రెండుమార్లు పోయివచ్చిన గాని మొదటి స్థితికి రాదు. 240 సెంటీమీటర్లు, సుమారు 145 కంపనములు. అనగా గొట్టము అదియే, స్వరము ఒక స్థాయి క్రిందిది. (నిజమైన గొట్టము తన కొలతకంటె కొంచెము పొడవైనదానివలె ప్రవర్తించును, ఆ సవరణను ఇచట విడిచితిమి.) నీళ్లకు వాడు ప్లాస్టిక్కు గొట్టపుముక్క యొకటి దొరకినచో దీనిని మీరే వినవచ్చును. దాని యొక కొనను అరచేతితో తట్టి వెంటనే చేతిని తీసివేయుడు. మఱల తట్టి చేతిని అట్లే అదిమి యుంచుడు. రెండవమాఱు వినబడు ‘బుంగ్’ అను ధ్వని సుమారు ఒక స్థాయి క్రిందుగ నుండును.

వేణువునకు ఒక కొన గణుపుతోనో బిరడాతోనో మూయబడియున్నది గదా, అది మూసిన గొట్టము కాదా యని కొందఱు విద్యార్థులు అడుగుదురు. మంచి ప్రశ్నయే. కాని ఊదు రంధ్రము తెఱచియే యున్నది. గాలి అచట స్వేచ్ఛగా లోనికిని బయటికిని కదలును. కావున వేణువు రెండు కొనలును తెఱచిన గొట్టమే. క్లారినెట్టు అట్లు కాదు. దాని నాలుక మూతిని దాదాపు మూసియే యుంచి, ఒత్తిడి పెరిగి తగ్గునపుడు కొంచెము కొంచెము గాలిని మాత్రము లోనికి విడుచును. అందుచేతనే రమారమి ఒకే పొడవుగల పాశ్చాత్యవేణువును క్లారినెట్టును తీసికొనినచో, వేణువుయొక్క అట్టడుగు స్వరము సుమారు 262 కంపనములు కాగా, సాధారణమైన క్లారినెట్టుయొక్క అట్టడుగు స్వరము సుమారు 147 కంపనములే.

మొదటి స్వరముతోపాటు గొట్టములో ఇముడగల పై స్వరములు మఱికొన్ని యుండును. వీనిని ఉపస్వరము లందము. మొదటినుండి తుదివరకు ఒకే వెడల్పుగల గొట్టమును సమనాళమనియు, గరాటువలె క్రమముగా వెడల్పగు గొట్టమును శంకునాళమనియు పిలిచెదము. రెండు కొనలును తెఱచిన సమనాళమునందు మొదటి కంపనసంఖ్యకు 2, 3, 4, 5 రెట్లుగల స్వరములన్నియు పుట్టగలవు. ఒక కొన మూసిన సమనాళమునందు మూసినచోట ఒత్తిడి శిఖరమును, తెఱచినచోట ఒత్తిడి శూన్యమును ఉండితీరవలెను. కావున పావు అల, ముప్పావు అల, ఒకటింబావు అల మాత్రమే అందు ఇముడును. అనగా 1, 3, 5, 7 అను బేసిరెట్లే. రెండురెట్లనగా తారషడ్జము; మూడురెట్లనగా తారపంచమము. క్లారినెట్టు షడ్జమును దాటి పంచమమునకు ఎందులకు దుముకునో ఇపుడు తేటపడినది. దాని గొట్టమునందు తారషడ్జమునకు చోటే లేదు.

దీనివలన దానిని నిర్మించినవారికి గొప్ప చిక్కు కలిగినది. షడ్జమునుండి తారషడ్జమునకు 12 మెట్లు; తారపంచమమునకు 19 మెట్లు. వేణువున మొదటి స్థాయిని రంధ్రములతో నింపిన చాలును, రెండవ స్థాయికి అవే వ్రేళ్లు మఱల పనికివచ్చును. క్లారినెట్టునందు నడుమ 18 స్వరములను నింపిన గాని రెండవ మజిలీకి చేరలేము. మనుష్యునకున్న వ్రేళ్లు పది, అందొకటి వాద్యమును మోయుటకే సరిపోవును. జర్మనీలోని న్యూరెంబర్గు పట్టణమున 1700 ప్రాంతమున ఈ వాద్యమును రూపొందించిన డెన్నరు రెండు మీటలను అమర్చెను. తరువాతివారు మఱి యెన్నియో చేర్చిరి. క్లారినెట్టు ఒడలినిండ వెండినగలవలె మెఱయు మీటలు అలంకారమునకు గాదు, ఆ యేడు మెట్ల లోటు పూరించుటకు. దాని క్రింది స్వరములు కొంచెము బోలుగా, కుండలోనుండి వచ్చినట్లు వినబడుటకును ఇదియే హేతువు; సరిరెట్ల ఉపస్వరములు అందు మిక్కిలి బలహీనములు.

అయినచో సన్నాయి మాట యేమి? దాని మూతియు నాలుకచే మూయబడియే యున్నది. పై న్యాయము ప్రకారము అదియు పంచమమునకు దుముకవలసినదే. కాని అది శంకునాళము. నాలుకవద్ద సన్నని గడ్డిపరక దూరునంత, క్రింద బొటనవ్రేలు దూరునంత. శంకువునందు అల సన్నని మొనవైపు పోవుకొలది ఇఱుకై దాని ఒత్తిడి హెచ్చును. వెడల్పువైపు పోవుకొలది పలుచబడును. మొననుండి ఎంత దూరమో, అంతకు విలోమముగా ఒత్తిడి యుండును. ఇపుడు గణితజ్ఞులు చేయు చిన్న యుపాయము చూడుడు. ఒత్తిడిని మొననుండి గల దూరముతో గుణించినచో వచ్చు లబ్ధము, సమనాళములో ఒత్తిడి యెట్లు నడచునో సరిగా అట్లే నడచును. ఆ లబ్ధము తెఱచిన కొనయందు సున్న, ఏలయన అచట ఒత్తిడి సున్న. మొనయందును సున్నయే, ఏలయన అచట దూరము సున్న. రెండు కొనలయందును సున్నయగునది రెండు కొనలు తెఱచిన గొట్టమునకు ప్రతిరూపము! కావున శంకునాళము మూతిమూసియున్నను వేణువువలె 1, 2, 3, 4 రెట్లనన్నిటిని పలుకును. మూతి మూసినదని మనము చెప్పుచున్నను, ఆ మూత శంకువు మొనవద్ద నుండుటచేత దానికి పలుకుబడి లేకపోయినది.

నాలుకయొక్క జాతి ఇందు కారణము కాదనుటకు సాక్ష్యము కావలెనన్న సాక్సఫోను చాలును. బెల్జియమునందు జన్మించిన అడాల్ఫ్ సాక్స్ 1846వ సంవత్సరమున పారిసులో దీనికి హక్కుపత్రము పొందెను. దాని నాలుక క్లారినెట్టు నాలుకవంటి ఒంటినాలుకయే. గొట్టము మాత్రము ఇత్తడి శంకువు. అది క్లారినెట్టువలె పంచమమునకు గాక సన్నాయివలె తారషడ్జమునకే ఎగయును. కద్రి గోపాలనాథ్ (1949–2019) ఈ విదేశవాద్యముపై కర్ణాటక సంగీతమును పలికించి ప్రసిద్ధులైరి. ఒంగోలు దగ్గరి కరవది గ్రామమున 1924వ సంవత్సరమున జన్మించి, శ్రీరంగమున స్థిరపడి, 1999వ సంవత్సరమున దివంగతులైన షేక్ చినమౌలానాగారి నాదస్వరమును విన్నవారికి, మీట యొకటియు లేని ఏడు వ్రేళ్ల రంధ్రములతో స్థాయినుండి స్థాయికి రాగము ఎట్లు జాఱిపోవునో వేఱుగ చెప్ప నక్కఱలేదు. అన్ని స్థాయిలకును అవే రంధ్రములు చాలుట శంకువు చేసిన యుపకారము.

పల్లెటూరి బాలురకు ఈ రెండు జాతులును చిన్ననాటనే పరిచితములు, పేళ్లు తెలియకపోయినను. కొబ్బరాకును చుట్టలు చుట్టలుగా వెడల్పగునట్లు చుట్టి, సన్నని కొనయందు రెండు పొరలుగా నొక్కిన ఆకుముక్కను దూర్చి ఊదు బూర శంకునాళము, జంటనాలుక. అనగా సన్నాయికి చిన్నచెల్లెలు. బొప్పాయి ఆకుకాడను కోసి, మూసిన కొనవద్ద చీలిక పెట్టి ఊదునది సమనాళము, అనగా క్లారినెట్టు బంధువు. ఒకే పొడవుగల రెంటిని చేసి ఊది చూచినచో బొప్పాయికాడ చాల క్రింది స్వరమును పలుకును. వేసవిసెలవులలో దీనికంటె చౌకయగు ప్రయోగము మాకు తోచలేదు. (బొప్పాయిపాలు పెదవికి తగిలిన మంట పుట్టును, కాడను కడిగి మఱి ఊదుడు.)

సన్నాయియందు మఱియొక సూక్ష్మము కలదు. నిజమైన శంకువునకు మొన యుండవలెను. కాని మొనయే యుండిన ఎచట ఊదుట? కావున మొనను కోసివేసి, ఆ స్థానమున పీకను, అనగా రెల్లునాలుకను, దానిని పట్టుకొను చిన్న లోహపు గొట్టమును నిలిపిరి. పీకలోపలి చోటు పోయిన మొనలోపలి చోటునకు ఇంచుమించు సమానముగా నున్నపుడే స్థాయిలు ఒకదానితో నొకటి కలియును. పీక మఱీ పెద్దదైనచో పై స్వరములు దిగును. సన్నాయి విద్వాంసులు నాలుగైదు పీకలను, వానిని సవరించు సూదిని దారముతో వాద్యమునకే వ్రేలాడగట్టుకొనుట మీరు చూచియుందురు. కచేరినడుమ ఒక పీక తీసి మఱియొకటి పెట్టునపుడు వారు చెవితో కొలుచుచున్నది, కోసివేసిన ఆ మొన పరిమాణమునే.

కొమ్ము, శంఖము, బ్యూగిలు వీనిలో రెల్లునాలుకకు బదులు పెదవులే అదరును. గొట్టము వంకరయైనను చుట్టలు తిరిగినను నాదమునకు కలుగు మార్పు స్వల్పము. లోపలి వెడల్పు ఎట్లు పెరుగుచున్నదనుటయే ముఖ్యము. బ్యూగిలునకు రంధ్రములు లేవు గనుక అది తన ఉపస్వరములను మాత్రమే పలుకును. ఉదయము స్కౌటులను మేల్కొలుపు పిలుపులన్నియు స, ప, స, గ, ప అను అయిదింటితోనే కూర్చబడినవి. ట్రంపెట్టు చాలభాగము సమనాళమే యైనను, మూతిగిన్నెయు విచ్చిన కొనయు కలిసి దాని బేసిరెట్లను ప్రక్కకు లాగి 2, 3, 4, 5 అను వరుసకు తెచ్చును. అది వేఱొక వ్యాసమునకు తగినంత కథ.

ఇపుడు మొదట చెప్పిన బాలుని వేణువును చూతము. ఇంగ్లండు దేశపు రేలీ ప్రభువు (1842–1919) 1877–78 సంవత్సరములలో ప్రకటించిన ధ్వనిశాస్త్రగ్రంథమునుండి మనకొక నియమము లభించును. గొట్టమునందు ఒత్తిడి మిక్కిలిగా మాఱుచోట వెడల్పు పెరిగినచో స్వరము దిగును. గాలి మిక్కిలిగా కదలుచోట వెడల్పు పెరిగినచో స్వరము ఎక్కును. ఇఱుకు చేసినచో రెండును తలక్రిందులగును. వేణువుయొక్క మొదటి స్వరమునకు నడిమిభాగము ఒత్తిడిస్థానము. దాని తారస్థాయికి అదే నడిమిభాగము కదలికస్థానము. వెదురు నడుమ గణుపు పూర్తిగా తొలువబడక లోపల అంచువలె మిగిలినదనుకొనుడు. క్రింది స్వరము కొంచెము ఎక్కును. పై స్వరము కొంచెము దిగును. ఒక్క లోపమే రెండు స్వరములను రెండు దిక్కులకు లాగినది. లోపల ఉబ్బు ఉన్నచో ఫలితము దీనికి ఎదురు. ఇట్టి వేణువుపై బాలుడు ఒక స్థాయిని తంబురతో కలిపినచో మఱియొక స్థాయి తప్పును. ఎన్ని గంటలు సాధన చేసినను ఏమి? పెదవిని త్రిప్పి త్రిప్పి తప్పును కప్పుట నేర్చుకొనును, లేదా తనకు సంగీతజ్ఞానము లేదని నమ్మి వేణువును అటుకపై పాఱవేయును. రెండవది మేము ఒకటి కంటె నెక్కువమార్లు చూచితిమి.

కావున వేణువును కొనునపుడు ఇట్లు చేయుడు. మొదట రెండు మూడు నిమిషములు ఊది గొట్టమును వెచ్చపఱుపుడు. ఒక్కొక్క డిగ్రీ వెచ్చదనమునకు ధ్వనివేగము సెకనునకు సుమారు 0.6 మీటరు హెచ్చును గనుక చల్లని వేణువు తీర్పునకు పనికిరాదు. పిదప రంధ్రములన్నియు మూసి క్రింది స్వరమును, అవే వ్రేళ్లతో దాని తారస్థాయిని, పెదవిని సాధ్యమైనంత కదల్పక పలికించి, శ్రుతిపెట్టెతో పోల్చుడు. బాలునిచే గాక, నేర్చిన యొకరిచే పలికింపుడు. స్థాయి కురుచయైనను దీర్ఘమైనను, గొట్టములోనికి వెలుతురు చూపి గణుపుల తావులను పరిశీలింపుడు. కొద్ది తేడా ప్రతి వేణువునను ఉండును. దానిని పోగొట్టుటకే మ్యూనిచ్ నగరపు కంసాలియు వేణువిద్వాంసుడునగు బోమ్ 1847వ సంవత్సరమున గొట్టమును 19 మిల్లీమీటర్ల సమనాళముగా నుంచి, ఊదు రంధ్రమున్న తలభాగమును మాత్రము బిరడావైపునకు సుమారు 17 మిల్లీమీటర్లకు సన్నగిల్లజేసెను. నేటి పాశ్చాత్యవేణువులన్నియు ఆ రెండు మిల్లీమీటర్ల యిఱుకును కలిగియున్నవి.

లోపము కనబడినదని చాకుతోనో కాల్చిన ఊచతోనో లోపల గీకవలదు. గీకిన వెదురు మఱల రాదు. ఎచట ఎంత గీకిన ఏ స్వరము కదలునో పనివానికే తెలియును. తాత్కాలికముగా సవరింపదలచినచో తేనెమైనము మంచిది: ఉబ్బినచోట పలుచగా పూసి పలికించి చూచి, నచ్చనిచో తీసివేయవచ్చును. సన్నాయివారు ఈ పద్ధతిని ఎన్నడో యెఱిగినవారు. వారి వాద్యమున ఏడు వ్రేళ్ల రంధ్రములకు క్రిందుగా మఱి అయిదు రంధ్రములు కలవు. వానిపై వ్రేలు పెట్టరు. శ్రుతికి తగినట్లు కొన్నిటిని మైనముతో మూసి, కొన్నిటిని తెఱచి, వాద్యము తమకు లోబడిన పిమ్మటనే డోలువానికి సైగ చేయుదురు.